ఖాళీ ఫోల్డర్‌ని తీసేయడం అంత తేలికేం కాదు

చిక్కడపల్లిలో ఒక ఫొటో స్టూడియో అనుకుందాం. పెళ్లిళ్ల సీజన్ అయ్యాక ఫొటోలన్నీ హార్డ్ డిస్క్‌లోకి మార్చేశారు. కంప్యూటర్‌లో మిగిలినవి మెహందీ, సంగీత్, రిసెప్షన్ అని పేర్లున్న ఉత్త ఫోల్డర్లు. అమీర్‌పేటలో పైథాన్ నేర్చుకుంటున్న ఏ కుర్రాడైనా వీటిని తీసేసే ఫంక్షన్ పది లైన్లలో రాసేస్తాడు. రన్ చేశాక చూస్తే కొన్ని ఫోల్డర్లు ఇంకా అక్కడే ఉంటాయి.

తేడా వచ్చేది వరసలో. పైనుంచి వెళ్తే 'పెళ్లి' ఫోల్డర్‌లో 'సంగీత్' ఉంది కాబట్టి అది ఖాళీ కాదని వదిలేస్తాం. తర్వాత సంగీత్ పోతుంది, పెళ్లి ఖాళీ అవుతుంది, కానీ అప్పటికే దాన్ని దాటొచ్చేశాం. కాబట్టి అడుగునుంచి రావాలి. పైథాన్‌లో ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటిగా తిరిగి చూపించే 'వాక్' ఫంక్షన్‌కి ఆ సదుపాయం ఉంది. మెలిక ఏంటంటే, అది ఇచ్చే లోపలి ఫోల్డర్ల జాబితా ముందే తయారైపోయి ఉంటుంది. మనం సంగీత్‌ని తీసేసినా పెళ్లి జాబితాలో దాని పేరు కనిపిస్తూనే ఉంటుంది. ఆ జాబితాని నమ్మితే మళ్లీ మొదటికే వస్తాం.

నమ్మాల్సింది ఫోల్డర్‌ని తీసేసే 'ఆర్ఎమ్‌డిర్' అనే ఆదేశాన్ని. లోపల ఏమైనా ఉంటే అది ఫోల్డర్‌ని ముట్టుకోదు, ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పాత రోజుల్లో ఇదొక మామూలు కమాండ్. అప్పట్లో అది ఖాళీనా కాదా అని చూడడం ఒక పని, తీసేయడం ఇంకో పని. ఆ రెండిటి మధ్య ఎవరైనా ఫైలు పెడితే గోవిందా! 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ రకం ఈ పనిని నేరుగా కెర్నెల్‌కి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి అప్పగించింది. చూడడం, తీయడం ఒక్క దెబ్బకే జరుగుతాయి. అందుకే నా ఓటు ముందుగా తనిఖీ చేసే కోడ్‌కి కాదు. అడుగునుంచి వస్తూ ప్రతి ఫోల్డర్ మీదా ఆర్ఎమ్‌డిర్ ప్రయోగించి, కాదంటే ముందుకు పోవడమే మేలు. 'ఆర్ఎమ్‌ట్రీ' జోలికి మాత్రం పోవద్దు, అది ఫొటోలతో సహా ఊడ్చేస్తుంది.

ఇంతా చేసినా కొన్ని మొండికేస్తాయి. మ్యాక్ వాడితే 'డాట్ డీఎస్ స్టోర్', పాత విండోస్ అయితే 'థంబ్స్ డాట్ డీబీ' అనే దాచిన ఫైళ్లు లోపల ఉంటాయి. మన కంటికి ఖాళీ, కెర్నెల్‌కి కాదు. వాటిని పేరు పెట్టి ముందు తీసేయాలి. ఇక స్టూడియోవాళ్లు వచ్చే సీజన్ కోసం కావాలనే చేసి పెట్టుకున్న ఖాళీ ఫోల్డర్లు ఏవో ఫంక్షన్‌కి తెలిసే దారి లేదు. మొదటిసారి పేర్లు మాత్రం ప్రింట్ చేయించి వాళ్లకి చూపించాల్సిందే.