డకోటా తోక మీద ఏ నంబరు?

ఒంగోలు

చిరంజీవులు బుజ్జికీ కిట్టుకీ తాతయ్య ఆశీస్సులు.

బడిలో ప్రదర్శనకు థర్మోకోల్‌తో డకోటా అనే పాతకాలపు రవాణా విమానం బొమ్మ చేస్తున్నారనీ, దాని తోక మీద నాన్న కారుకున్నట్టే 9999 వేయాలని కిట్టు పట్టుబట్టాడనీ మీ అమ్మ చెప్పింది. కారు నంబరును జనం వేలం పాడి మరీ కొంటారు. వాళ్ల డబ్బు, వాళ్ల ముచ్చట. పాత విమానం సంగతి వేరు. ఎవరు నడిపారో, ఎక్కడెక్కడ తిరిగిందో నంబరు పట్టుకునే వెతకాలి.

మన పౌర విమానాలన్నిటికీ ముందు 'వీటీ', తరువాత మూడు అక్షరాలు ఉంటాయి. 1932 అక్టోబరు 15న జేఆర్డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చిన చిన్న విమానం వీటీ-ఏడీఎన్. ఆ మూడు అక్షరాలూ మన ఇష్టం కాదు. ఎస్ఓఎస్ ఇవ్వరు. ఆపదలో ఉన్నవాడి కేకో విమానం పేరో తెలియకపోతే ఇంకేముంది! క్యూతో మొదలయ్యేవీ ఇవ్వరు, అవి రేడియో సంకేతాలు.

అమెరికాలో 'ఎన్' తరువాత ఐదుకు మించకుండా అంకెలు, అక్షరాలు ఉంటాయి. ఒకటి, సున్నాలుగా పొరబడతారని ఐ, ఓ అక్షరాలు వాడరు. తయారై 30 ఏళ్లు దాటిన విమానానికి మాత్రం పాతకాలపు పద్ధతిలో ఎన్‌సీ, ఎన్ఎక్స్ అని రాసుకోనిస్తారు. 1927లో అమెరికా వైమానికుడు లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన విమానం మీద ఉన్నది ఎన్ఎక్స్-211. ఎక్స్ అంటే ప్రయోగ విమానమని గుర్తు. అలాంటి పాత విమానాల మీద అక్షరాలు కూడా రెండంగుళాల ఎత్తుంటే చాలు. పాత విమానాన్ని బాగుచేసినవాడికి దాని పాత నంబరే కావాలి, అది ఇంకో విమానం మీద ఉంటే ఆ యజమానిని బతిమాలుకోవాల్సిందే.

నాకూ ఈ పిచ్చి ఉంది. కొరిశపాడు దగ్గర హైవే మీద వాయుసేన విన్యాసాలకు వెళ్లింది తోకల మీది నంబర్లు చదవడానికే. జనాన్ని అంత దూరాన నిలబెడితే ఏం కనిపిస్తుంది?

ఇక మీ డకోటా. ఐర్లండ్‌లో తుక్కు కింద పోవాల్సిన ఒక డకోటాను రాజకీయ నాయకుడు రాజీవ్ చంద్రశేఖర్ కొని, ఇంగ్లండ్‌లో బాగుచేయించి, మన వాయుసేనకు కానుకగా ఇచ్చారు. ఆయన తండ్రి వాయుసేనలో డకోటా నడిపినవారే. 2018లో వాయుసేనలో చేరిన ఆ విమానానికి 'పరశురామ' అని పేరు పెట్టారు. నంబరు వీపీ 905. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌లో మన సైనికులను దింపిన డకోటా నంబరు అది. ఇది ఆ విమానం కాదు, నంబరు మాత్రం దానిది. ఏ విమానానికి దాని సొంత నంబరే ఉండాలని వాదించే నాకు కూడా ఇది తప్పనిపించలేదు. ఎవరి నంబరో, ఎందుకు వేశారో చాటి చెప్పారు కదా. దాచి ఉంటే నచ్చేది కాదు.

మీరూ వీపీ 905 వేయండి. స్కెచ్ పెన్ వద్దు, థర్మోకోల్ మీద సిరా పాకుతుంది. నల్ల స్టిక్కరు కోసి అంటించండి. పక్కన ఒక అట్టముక్క మీద ఆ రెండు డకోటాల సంగతీ రాసి పెట్టండి. అడిగినవాళ్లకు బుజ్జి చెప్పాలి. కిట్టుకు వదిలేస్తే శ్రీనగర్‌లో తనే దిగినట్టు చెబుతాడు.

మీ తాతయ్య