దర్గాలకు పోయేముందు మనవలకు ఉత్తరం

నల్లగొండ

నా బిడ్డలారా,

సంక్రాంతి సెలవులకు మీరంతా వస్తున్నారని తెలిసిన కాడ నుంచి నా మనసు నిలవడం లేదు. ఈసారి మిమ్మల్ని దర్గాలకు తీసుకపోతాను. మీ పెద్దమామ తుఫాన్ బండి మాట్లాడాడు. రెండు రోజుల ప్రయాణం, దర్గాలు నాలుగు, చివర ఒక మర్రిచెట్టు. చూపించేదీ చెప్పేదీ నేనే. బండి చప్పుడులో నా గొంతు వెనక సీటు దాకా రాదు కాబట్టి ముందే రాసి పంపుతున్నాను.

నాలుగేనా అని పెద్దోడు అడుగుతాడు. మూడేళ్ల కింద నేను ఒక యాత్రా బస్సులో పోయాను. రెండు రోజుల్లో పదకొండు దర్గాలు తిప్పారు. దింపడం, తొందర పెట్టడం, ఎక్కించడం. గుల్బర్గాలో బందేనవాజ్ దర్గా దగ్గర ఇచ్చింది పావుగంట. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కునేసరికే హారన్ కొట్టారు. దారి పొడవునా మైకులో మహిమలు చెప్పారే తప్ప, ఆ మనిషి ఎవరు, ఎక్కడివాడు, ఇంత దూరం ఎందుకు వచ్చాడు అన్న ముక్క ఒక్కటీ లేదు. ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను. ఆయన 1321లో పుట్టారు. తైమూరు దండు ఢిల్లీ మీద పడ్డ 1398లో ఆ ఊరు విడిచి దక్షిణానికి బయల్దేరారు. అప్పటికి ఆయనకు డెబ్బై ఏడేళ్లు. ఆ వయసులో కొత్త నేలకొచ్చి, గుల్బర్గాలో స్థిరపడి, 1422లో అక్కడే కన్నుమూశారు. మోకాళ్ల నొప్పులతో బస్సు మెట్టు ఎక్కలేని నాకు ఆ నడక కన్నా పెద్ద మహిమ ఏదీ కనబడలేదు. అందుకే మనం తక్కువ చోట్లకే పోదాం, పోయిన చోట కూర్చుందాం.

కొన్ని మాటలు ముందే తెలిసి ఉండాలి. అరబ్బీలో సూఫ్ అంటే ఉన్ని. ముతక ఉన్ని బట్ట కట్టుకొని తిరిగిన ముస్లిం సాధువులు కాబట్టి సూఫీలయ్యారని ఎక్కువ మంది చెప్తారు. పీరు అనేది పార్సీ మాట, ముసలాయన, పెద్దాయన అని అర్థం. దారి చూపే గురువును అట్లా పిలుస్తారు. మన ఊళ్లో మొహర్రం నెలలో లేపే పీర్లు వేరు. అవి 680లో కర్బలాలో ప్రాణాలిచ్చిన ఇమాం హుస్సేన్ యాదిలో ఎత్తుకునేవి. దర్గాలో ఉండేది ఒక మనిషి సమాధి. ఈ రెంటినీ కలిపి మాట్లాడకండి.

ఇక ఉర్సు. ఆ మాటకు పెళ్లి అని అర్థం. సూఫీ పెద్దలు పోయిన రోజును చావు అనుకోరు, దేవుడితో కలిసిన రోజు అనుకుంటారు. అందుకే గంధం కలిపి ఊరేగించి సమాధికి పూస్తారు, పూలు కప్పుతారు, రాత్రంతా కవ్వాలీ పాడతారు. పెళ్లింట్లో మనం గంధం పూసుకోమా, అదే.

చిన్నదానికి నా ఇసుర్రాయి అంటే ఇష్టం కదా, దాని కోసం ఈ ముచ్చట. మూడు నాలుగు వందల ఏళ్ల కింద బీజాపూర్ సూఫీలు ఆడవాళ్లు పిండి విసిరేటప్పుడు పాడుకోవడానికి దక్కనీలో, అంటే మన దిక్కు ఉర్దూలో, పాటలు కట్టారు. వాటిని చక్కీనామాలు అంటారు. తిరగలి పిడి నిలువుగా ఉంటుంది కదా, అది అరబ్బీ మొదటి అక్షరం అలిఫ్‌లా నిలువు గీతలా ఉంది, అలిఫ్ అంటే అల్లా అని పాట. నడుమ ఉన్న ఇరుసు మహమ్మద్ ప్రవక్త అని ఇంకో చరణం. వేదాంతం చదువుకున్నవాళ్లకు గ్రంథాలున్నాయి. తెల్లారక ముందు లేచి జొన్నలు విసిరే ఆడదానికి ఎవరు చెప్తారు? వీళ్లు చెప్పారు, ఆమె చేతిలో ఉన్న పిడినే చూపించి. మీరు వచ్చాక ఒకసారి ఆ పిడి పట్టుకొని చూడండి.

మొదటి రోజు పొద్దున మన లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కుదాం. ఒక పక్క కాపురాల గుట్ట, ఇంకో పక్క ఇది, నడుమ నల్లగొండ. పైనుంచి మన వాడ కనబడుతుంది. అక్కడి నుంచి మిర్యాలగూడ మీదుగా జాన్‌పహాడ్. నేను మిమ్మల్ని అసలు తీసుకపోవాలనుకున్నది అక్కడికే.

మీ పెద్దమామ పేరు సైదులు ఎట్లయిందని మీరెప్పుడూ అడగలేదు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు బడికి పోయి హాజరు పట్టీ చూడండి, సైదులు, సైదయ్య, సైదమ్మ, సైదిరెడ్డి కనబడతారు. వాళ్లలో చాలామంది హిందువులే. సయ్యద్ అనే మాటకు మన తెలుగు 'లు' చేరి సైదులు అయింది, రాముడు రాములు అయినట్టు. జాన్‌పహాడ్ దర్గాలో ఉన్న ఆయనను మనవాళ్లు సైదులు అనే పిలుస్తారు. నాకు పెళ్లయిన ఆరేళ్ల దాకా పిల్లలు లేరు. మా అత్తమ్మ అక్కడ మొక్కింది. పుట్టినోడికి ఆ పేరు పెట్టుకున్నాం.

మొక్కు తీర్చడాన్ని కందూరు చేయడం అంటారు. ఏడాది పిల్లోణ్ణి ఒళ్లో పెట్టుకొని ఎడ్లబండి మీద పోయాం. పుట్టెంట్రుకలు తీయించాం. చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి యాట కూర వండాం. దర్గా చూసుకునే ముజావర్ ఊదు వేసి, చక్కెర చదివించి, నెమలీకల కట్టతో పిల్లోడి తల నిమిరాడు. వాడు ఒక ఈకను గుప్పిట్లో పట్టుకొని విడవలేదు. ఏడిస్తే ఆయన నవ్వి ఆ ఒక్క ఈకను కట్టలో నుంచి తీసి వాడికే ఇచ్చాడు. అది ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది, రంగు పోయింది, కన్ను మాత్రం నీలంగానే ఉంది. వండిన కూరలో మొదటి పళ్లెం పక్కన కూర్చున్న ఫకీరుకు పెట్టాం. మా మామయ్య ఊళ్లో కులం చూడనిదే ఎవరి పక్కనా కూర్చోడు. ఆ రోజు ఆ ఫకీరు పక్కనే నేల మీద కూర్చొని తిన్నాడు. ఆయనను అట్లా నేను చూసింది అదొక్కసారే.

అక్కడి ఉర్సు జనవరి ఆఖరి వారంలో. చంద్రుణ్ణి బట్టి లెక్కపెట్టే ముస్లింల హిజ్రీ ఏడాదికి దాదాపు 354 రోజులే కాబట్టి రంజాన్, మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. జాన్‌పహాడ్ ఉర్సు మాత్రం వానాకాలం పంట ఇల్లు చేరాక అదే నెలలో వస్తుంది. మనం దానికన్నా ముందే పోతున్నాం. ఉర్సులో ఇసుకేస్తే రాలనంత జనం, కూర్చొని మాట్లాడుకునే వీలు ఉండదు.

రెండో రోజు హైదరాబాద్ దగ్గర పహాడీ షరీఫ్ దర్గా చూసుకొని, షాద్‌నగర్ దారిలో జహంగీర్ పీర్ దర్గాకు పోదాం. అది గురువారం, జనం ఉంటారు, చెయ్యి విడవకండి. చివరికి మహబూబ్‌నగర్ పిల్లలమర్రి. ఏడు వందల ఏళ్లదని చెప్పే ఆ మర్రి కింద కూడా ఒక ముస్లిం సాధువు సమాధి ఉంది. చెదలు పట్టి 2017 చివర్లో ఒక కొమ్మ విరిగితే, ఆసుపత్రిలో మనిషికి పెట్టినట్టే మందు కలిపిన సెలైన్ సీసాలు కొమ్మలకు వేలాడదీసి బతికించారు.

తలకు కట్టుకోవడానికి ఒక్కొక్కరు ఒక రుమాలు తెచ్చుకోండి, ఆడపిల్లలు చున్నీలు. గడప తొక్కకండి, దాటండి. సమాధికి వీపు చూపించకుండా నాలుగడుగులు వెనక్కి నడిచి బయటికి రండి. తోచింది పళ్లెంలో వేయండి, ఎవరైనా ఇంత వేయాలని పట్టుబడితే నన్ను పిలవండి.

ఇంకో మాట ఆడపిల్లలకు. చాలా దర్గాల్లో ఆడవాళ్లను సమాధి దాకా పోనివ్వరు, జాలీ, అంటే చిల్లుల తడిక, దగ్గరే ఆపుతారు. నాకు అది నచ్చదు, ఎన్నేళ్లయినా నచ్చలేదు. ముంబయిలో హాజీ అలీ దర్గా విషయంలో ఆడవాళ్లు కోర్టుకు పోతే, 2016లో హైకోర్టు వాళ్లనూ లోపలికి పోనివ్వాలని తీర్పు చెప్పింది. మనల్ని ఆపిన చోట నేను మీతోనే బయట నిలబడతాను. మీ అన్నలు లోపలికి పోయి ఏం చూశారో వచ్చి పూర్తిగా చెప్పాలి, వాళ్లకు ముందే చెప్పిపెట్టాను.

దారిలోకి మలీద ముద్దలు చేస్తాను, సద్దుల బతుకమ్మకు చేసేవే. రొట్టె, బెల్లం, కాస్త నెయ్యి. దర్గాలోనూ మలీదే చదివిస్తారు, అందుకని రెండు డబ్బాలు పెడతాను. ఒకటి దారిలో తెరవొద్దు, అది జాన్‌పహాడ్‌కు.

బండి పొద్దున ఐదున్నరకు. నెమలీకను మీ మామకు చెప్పకుండా తెస్తున్నాను.

మీ అమ్మమ్మ