కెర్నెల్ వదిలేసిన ప్యాకెట్లు

బరంపురంలో బుఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. ఆ రోజుల్లో సాయంత్రమైతే మా కేబుల్ నెట్ ఆఫీసుకి ఒకటే ఫోన్లు. వీడియో ఆగుతోందని ఒకరు, కాల్ తెగుతోందని ఇంకొకరు. సంగతేంటో చూద్దామని సర్వర్లో టీసీపీడంప్ నడిపాను. నెట్‌లో వెళ్లే డేటా ముక్కల్ని, అంటే ప్యాకెట్లని, పట్టి చూపించే ప్రోగ్రాము అది. ఆపగానే చివర్లో ఒక లెక్క వచ్చింది: కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఇన్ని వేల ప్యాకెట్లు వదిలేసిందని. పక్కనున్న కుర్రాడు "అన్నా, దొరికింది!" అన్నాడు.

దొరకలేదు. ఆ లెక్కకీ కస్టమర్ కాల్ తెగడానికీ సంబంధం లేదు. ప్యాకెట్ తన దారిన తాను వెళ్లిపోయింది. పోయింది టీసీపీడంప్ చదవడానికి మాకు రావాల్సిన నకలు. ఈ నకలు ఖర్చు తగ్గించడానికి నలభై ఏళ్లుగా కుస్తీ నడుస్తోంది.

ప్యాకెట్ ముందు కెర్నెల్ మెమరీలోకి వస్తుంది. దాన్ని చదివే ప్రోగ్రాము మెమరీ వేరు. ఒకదాని నుంచి మరొకదానికి తేవాలంటే సిస్టమ్ కాల్ (ప్రోగ్రాము కెర్నెల్‌ని పిలవడం) కావాలి, బైట్లన్నీ కాపీ కావాలి. జీఎస్టీకి ముందు ఒడిశా సరిహద్దు చెక్‌పోస్టు, గిరిసోల గేటు దగ్గర ఇచ్ఛాపురం వైపు లారీలు బారులు తీరిన రోజులు గుర్తున్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. సరుకు కన్నా ఆగడానికే ఎక్కువ టైము.

మొదట తట్టిన ఉపాయం, అక్కర్లేని సరుకును గేటు దాకా రానివ్వకపోవడం. 1980లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో కావాల్సిన ప్యాకెట్లనే ఏరే ప్యాకెట్ ఫిల్టర్ కెర్నెల్లోకి చేరింది. దాని మీద మొగల్, రషీద్, అక్సెట్టా 1987లో పేపర్ రాశారు. లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో మెక్‌కాన్, వాన్ జాకబ్‌సన్ 1992లో రాసిన బీపీఎఫ్ (బర్క్‌లీ ప్యాకెట్ ఫిల్టర్) ఇంకో అడుగు ముందుకేసింది. కాపీ చేయకముందే వడపోస్తుంది. పైగా రెండు బఫర్లు (ప్యాకెట్లు ఆగే మెమరీ) పెట్టి, ఒకటి నిండుతుంటే రెండోదాన్ని ఒకే రీడ్‌లో మొత్తంగా అప్పగిస్తుంది.

లైనక్స్ దారి వేరు. అక్కడ చాలాకాలం ఒక్కో ప్యాకెట్‌కి ఒక్కో కాల్. 2001 జనవరిలో వచ్చిన 2.4 కెర్నెల్ ప్యాకెట్ ఎంమ్యాప్‌ను తెచ్చింది. కెర్నెల్, ప్రోగ్రాము ఒకే మెమరీని పంచుకుంటాయి. అందులో గుండ్రంగా తిరిగే గదులు. ప్రతి గది మీదా అది ఇప్పుడు ఎవరిదో చెప్పే గుర్తు ఉంటుంది: సున్నా అయితే కెర్నెల్‌ది, ఒకటైతే ప్రోగ్రాముది. చదివేశాక మళ్లీ సున్నా పెడితే చాలు, పిలుపులతో పనిలేదు. రెండిళ్ల మధ్య గోడలో గూడు లాంటిది. అయితే దీన్ని జీరో కాపీ అని కొందరు రాస్తారు, నాకది నచ్చదు. కెర్నెల్ ప్యాకెట్‌ను గదిలో పెట్టేటప్పుడు ఒక కాపీ జరుగుతూనే ఉంటుంది.

ఇంత మంచి ఏర్పాటు మామూలు టీసీపీడంప్‌కి అందడానికి ఏడేళ్లు పట్టింది. టీసీపీడంప్ ప్యాకెట్లు పట్టేది లిబ్‌పీక్యాప్ అనే లైబ్రరీతో. 2008లో దాని 1.0 వెర్షన్ వచ్చేదాకా, లాస్ అలమోస్ ల్యాబ్‌లో ఫిల్ వుడ్ సవరించిన లిబ్‌పీక్యాప్‌ను వెతికి పెట్టుకోవాల్సిందే.

గదులతో ఇంకో తంటా ఉండేది, అన్నీ ఒకే సైజు. గది 64 కేబీ అనుకుంటే 2 ఎంబీ బఫర్లో పట్టేవి 32 ప్యాకెట్లే. అరవై బైట్ల చిన్న ప్యాకెట్‌కీ పెద్ద గదే. 2012 జనవరిలో వచ్చిన 3.2 కెర్నెల్లో ఈ ప్యాకెట్ ఎంమ్యాప్ మూడో వెర్షన్ చేరాక, ఒక బ్లాకులో చిన్నవీ పెద్దవీ పక్కపక్కనే సర్దుకుంటున్నాయి.

10 గిగాబిట్ లింకులో అతి చిన్న ప్యాకెట్లయితే సెకనుకు 1.488 కోట్లు. ఒక్కోదానికి దక్కేది 67 నానోసెకన్లు. అక్కడ ఒక్క కాపీ కూడా బరువే. పీసా యూనివర్సిటీ రిజ్జో 2012లో నెట్‌మ్యాప్‌తో కార్డు బఫర్లనే ప్రోగ్రాముకి చూపించాడు. 2018లో లైనక్స్ 4.18లోకి ఇలాంటి పనికే ఏఎఫ్ ఎక్స్‌డీపీ వచ్చింది.

మా ఆఫీసుకి అంత అక్కర్లేదు. బఫర్‌ని 64 ఎంబీకి పెంచి, ఫిర్యాదు చేసినవాళ్ల ఐపీలకే ఫిల్టర్ పెట్టాను. వదిలేసిన లెక్క సున్నాకి దిగింది. అప్పుడు కనిపించింది, రీట్రాన్స్‌మిషన్లన్నీ (దారిలో పోయి మళ్లీ పంపిన ప్యాకెట్లు) ఒకే వీధివి. ఆ వీధి చివర స్తంభం మీద ఫైబర్ జాయింట్‌లోకి నీళ్లు దిగాయి.