సూర్యశక్తి వివరణపై సందేహాలు: ఒక న్యూట్రినో లోటు కథ

సూర్యుడు వెలిగేది కేంద్రక సంలీనం (తేలికైన పరమాణు కేంద్రకాలు కలిసి బరువైనవిగా మారడం) వల్ల కాదని, అంతరిక్షం నుంచి వచ్చే విద్యుత్ ప్రవాహం వల్లనని వాదించేవారు 1970ల నుంచీ ఉన్నారు. ఆ వాదానికి ఊతమిచ్చింది న్యూట్రినోల లోటు: సంలీనంలో పుట్టే ఈ అతి సూక్ష్మ కణాలు అంచనా కన్నా తక్కువగా కనిపించాయి. అప్పట్లో ఆ లోటు కల్పితం కాదు.

19వ శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్జ్, కెల్విన్‌లు సూర్యుడు కుంచించుకుపోతూ వేడిని వెలువరిస్తున్నాడన్నారు. ఆ లెక్కన సూర్యుడి వయసు కొన్ని కోట్ల ఏళ్లే అవుతుంది. శిలలు చెప్పే కాలానికి అది చాలలేదు. నాలుగు హైడ్రోజన్ పరమాణువుల కన్నా ఒక హీలియం పరమాణువు ద్రవ్యరాశి దాదాపు 0.7 శాతం తక్కువ కాబట్టి, ఆ తేడాయే శక్తిగా మారుతోందని 1920లో ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ సూచించారు. సూర్యగర్భపు వేడి అందుకు చాలదన్న అభ్యంతరానికి క్వాంటం సిద్ధాంతం సమాధానమిచ్చింది. 1939 నాటికి భౌతిక శాస్త్రవేత్త బేతె ఆ చర్యల క్రమాన్ని వివరించారు.

అసలు పరీక్ష ఆ తర్వాతే ఎదురైంది. అమెరికాలోని హోమ్‌స్టేక్ బంగారు గనిలో, దాదాపు 1,500 మీటర్ల లోతున, రేమండ్ డేవిస్ సుమారు 3.8 లక్షల లీటర్ల క్లోరిన్ ద్రవమైన పెర్‌క్లోరోఇథిలీన్ నింపి, సూర్యగర్భం నుంచి నేరుగా వచ్చే న్యూట్రినోల కోసం వెతికారు. 1968 నుంచి వెలువడిన ఫలితాల్లో, సంలీన సిద్ధాంతం ఆధారంగా భౌతిక శాస్త్రవేత్త బాకాల్ అంచనా వేసిన సంఖ్యలో మూడో వంతు మాత్రమే కనిపించింది. కాంతి సూర్యగర్భం నుంచి ఉపరితలానికి చేరడానికి వేల ఏళ్లు పడుతుంది కనుక, లోపలి కొలిమి ఇప్పటికే మందగించిందేమోనన్న సందేహాన్ని కూడా శాస్త్రవేత్తలు తీవ్రంగానే పరిశీలించారు. సంలీన సిద్ధాంతాన్ని ఇంత నిర్దాక్షిణ్యంగా ప్రశ్నించింది బయటివారు కాదు, దానిపై పనిచేసినవారే.

న్యూట్రినోలు దారిలో రకం మారుతాయని, డేవిస్ పరికరం ఒక్క రకాన్నే పట్టగలదని తేలడానికి మూడు దశాబ్దాలు పట్టింది. కెనడాలోని సడ్‌బరీ పరిశోధనశాల వెయ్యి టన్నుల భారజలంతో (బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు) 2002లో అన్ని రకాలనూ కలిపి కొలిచినప్పుడు, మొత్తం అంచనాతో సరిపోయింది. 2014లో ఇటలీలోని బోరెక్సినో అనే న్యూట్రినో పరికరం, సూర్యశక్తికి మూలమైన ప్రోటాన్-ప్రోటాన్ చర్య న్యూట్రినోలనే గుర్తించింది. వాటిని బట్టి లెక్కించిన శక్తి మనకు చేరే కాంతికి సరితూగింది. విద్యుత్ సూర్యుణ్ణి నమ్మేవారు 1968 నాటి లోటును ఎత్తిచూపి, ఈ కొలతలను విడిచిపెట్టడం న్యాయం కాదు.

నేటి వివాదం వేరు. సూర్యుడిలో కార్బన్, ఆక్సిజన్ వంటి మూలకాల పాలు ఎంతన్న విషయంలో, సూర్యకాంతి వర్ణపటం చెప్పేదానికీ, సూర్యకంపనాలు చెప్పేదానికీ పొంతన ఇంకా కుదరలేదు.