‘లాకే కదా, తీసేయండి’: విదేశాల్లో కొన్న ఫోన్ల గురించి అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి దగ్గర పడిందంటే మా షాపులో డిస్‌ప్లేల పని కంటే సిమ్ముల పంచాయితీ ఎక్కువ. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర సెల్ సర్వీసింగ్ చేస్తాను. ఉద్దానం నుంచి గల్ఫ్ వెళ్లిన ఫిట్టర్లు, వెల్డర్లు, అమెరికా చదువులకెళ్లిన పిల్లలు అందరూ ఒక్కసారే ఊళ్లోకి దిగుతారు. మొదటి మాట: "లక్ష రూపాయల ఫోను, మన సిమ్ము తీసుకోట్లేదేటి?" రెండో మాట: "లాకే కదా, తీసేయండి. ఎంతవుద్ది?" జనం డబ్బులు పోయేది ఆ రెండో మాట దగ్గరే. అందుకని ముందు దాని సంగతి తేల్చేద్దాం.

అపోహ: నెట్‌వర్క్ లాక్ ఇక్కడ ఏ షాపులోనైనా తీసేస్తారు.

తీయరు, తీయలేరు. అమెరికాలో నెట్‌వర్క్ కంపెనీ దగ్గర వాయిదాల మీద ఫోను తీసుకుంటే ఆ కంపెనీ సిమ్ము తప్ప మరోటి పనిచేయకుండా లాక్ వేసి ఇస్తారు. కొన్ని కంపెనీలు బాకీ మొత్తం తీరాక తీస్తాయి, కొన్ని ఇన్ని రోజులు వాడాలని షరతు పెడతాయి. ఐఫోన్ అయితే ఆ ఐఎంఈఐ, అంటే ఫోను గుర్తింపు నంబరు, లాక్‌లో ఉందా లేదా అన్నది ఆపిల్ సర్వర్‌లో రాసి ఉంటుంది. లాక్ వేసిన కంపెనీ చెబితేనే అది మారుతుంది. ఇక్కడ మనం ఫ్లాష్ కొట్టినా (సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించినా), రీసెట్ చేసినా, యాక్టివేట్ అయ్యేటప్పుడు ఫోను మళ్లీ ఆ సర్వర్నే అడుగుతుంది, అదే జవాబు తెచ్చుకుంటుంది. మధ్యలో పోయేవి మీ ఫొటోలు.

"మరి ఫలానా చోట తీశారు కదా?" అంటారు. వాళ్లు తీసింది లాక్ కాదు. సిమ్ము కింద పల్చటి చిప్ ఒకటి అంటించి, ఇది లాక్ వేసిన కంపెనీ సిమ్మే అని ఫోనుకి అబద్ధం చెప్పించారు. ఆపిల్ వాడు ఒక అప్‌డేట్ వదిలితే ఆ అబద్ధం బయటపడుతుంది, సిగ్నల్ పోతుంది. పైగా ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకి అసలు సిమ్ము ట్రేనే లేదు. వాటికి ఆ చిప్ ఎక్కడ అంటిస్తారో చూడాలని నాకూ ఉంది.

ఇందులోనే ఇంకో పొరపాటుంది. "విశాఖలో దిగగానే సిగ్నల్ వచ్చింది, స్క్రీన్ మీద ఎయిర్‌టెల్ అని కూడా చూపించింది, ఇక లాక్ ఎక్కడిది?" అంటారు. అది మీ అమెరికా సిమ్ము రోమింగ్‌లో ఇక్కడి టవర్‌ని పట్టుకోవడం. లాక్‌కి టవర్‌తో పని లేదు, సిమ్ము ఎవరిదన్నదే దానికి కావాలి. ఊళ్లో సిమ్ము వేస్తే గానీ అసలు రంగు తెలియదు.

పోయిన పండక్కి నరసన్నపేట వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. తువ్వాలు మడతలోంచి ఐఫోన్ 12 తీసి బల్ల మీద పెట్టారు. "మా గుంటడు పంపినాడు బాబూ, డాలస్ నుంచొచ్చినోల సేత. సిమ్మెడితే పలకట్లేదు." అప్పటికే ఒక చోట డబ్బులు కట్టారు. వాళ్లు రెండు రోజులు ఉంచుకుని, బోర్డు పోయిందని చెప్పి తిరిగిచ్చారట. బోర్డుకి ఏమీ కాలేదు. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో ఎబౌట్ తెరిచి కిందకి జరిపితే కారియర్ లాక్ అనే లైను ఉంటుంది. అక్కడ ‘సిమ్ లాక్డ్’ అని శుభ్రంగా కనిపిస్తోంది.

నా ఫోన్లోంచే అబ్బాయికి వీడియో కాల్ చేశాం. ఇక్కడ ఉదయం పది, అక్కడ రాత్రి పదిన్నర. "అన్నా, నేను కొత్తది తీసుకున్నాను కదా, పాతది ఇంక నాదే అనుకున్నాను" అన్నాడు. అకౌంట్ తెరిచి చూస్తే పాత ఫోను వాయిదాలు ఇంకా మిగిలే ఉన్నాయి. అవి కట్టేసి అన్‌లాక్‌కి రిక్వెస్ట్ పెట్టాడు. కొన్నాళ్లకి మెయిల్ వచ్చింది. నేను చేసిందల్లా మా షాపు వైఫై ఇచ్చి ఫోను రీస్టార్ట్ చేయడం. ఆ లైను ‘నో సిమ్ రెస్ట్రిక్షన్స్’ అని మారింది. పెద్దాయన చాలాసేపు ఊరుకుని, "మరి ఆలు దేనికి డబ్బులు తీసుకున్నట్టు బాబూ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి అమ్మానాన్నలకి ఫోను పంపే పిల్లలూ, విమానం ఎక్కక ముందే ఆ లైను చూసుకోండి. ఆండ్రాయిడ్ అయితే స్నేహితుడి వేరే కంపెనీ సిమ్ము ఒకసారి వేసి చూడండి, అన్‌లాక్ పిన్ అడిగితే లాక్ ఉన్నట్టే. పాత ఐఫోన్ ఇచ్చేటప్పుడు మీ ఆపిల్ ఐడీ సైన్ అవుట్ చేసి మరీ ఇవ్వండి. చేయకపోతే పడేది ఆపిల్ ఐడీ లాక్, అది నెట్‌వర్క్ లాక్ కాదు, వేరు. మర్చిపోయినా భయం లేదు, అక్కడి నుంచే ఐక్లౌడ్‌లో తీసేయొచ్చు. ఈ రెంటికీ మీ నాన్నగారిని షాపుల చుట్టూ తిప్పొద్దు.

అపోహ: సిమ్ము స్లాట్ లేని ఫోను ఇండియాలో పనికిరాదు.

ఇప్పుడు ఈ గోల గల్ఫ్ వాళ్లకీ వచ్చింది. ఐఫోన్ 17 సౌదీ, యూఏఈ, ఖతార్, కువైట్, ఒమన్, బహ్రెయిన్‌లలో కూడా ఈ-సిమ్‌తోనే, అంటే ప్లాస్టిక్ కార్డు లేకుండా ఫోన్లోనే ఉండే సిమ్ముతోనే, వస్తోంది. ఊరొచ్చాక స్లాట్ కోసం ఫోను నాలుగు వైపులా తిప్పి చూసి, మోసపోయామని కంగారు పడుతున్నారు. కంగారు అక్కర్లేదు. జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఈ-సిమ్ ఇస్తాయి, ఉన్న నంబరునే మార్చుకోవచ్చు. మార్చేటప్పుడు పాత ప్లాస్టిక్ సిమ్ము ఏదో ఒక ఫోన్లో బతికి ఉండాలి, మెసేజ్‌లు దానికే వస్తాయి. కొత్త ఫోనుకి వైఫై గానీ పక్కవాళ్ల హాట్‌స్పాట్ గానీ ఉండాలి. మారిందంటే ప్లాస్టిక్ సిమ్ము చచ్చిపోతుంది. నాన్నగారు మళ్లీ బటన్ ఫోనే కావాలంటే స్టోరుకెళ్లి కొత్త సిమ్ము తీసుకోవాల్సిందే. ఇంకో మాట: "ఈ-సిమ్ చేసి పెడతాం, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. మీ నంబరు వాళ్ల ఫోన్లోకి పోతుంది, బ్యాంకు ఓటీపీలూ దాని వెనకే పోతాయి.

మిగతావి గబగబా.

దుబాయ్ ఫోన్లో వాట్సాప్ కాల్స్ రావనుకోవడం ఉత్తదే. ఆ కట్టడి అక్కడి నెట్‌వర్క్‌ది, ఫోనుది కాదు. ఇక్కడ హాయిగా మాట్లాడుకోండి.

బయటి ఫోనుని మన ప్రభుత్వం కొన్ని రోజులకి బ్లాక్ చేస్తుందట! ఈ పుకారు ఎక్కడిదంటే, టర్కీలో బయటి ఫోనుకి 120 రోజుల గడువుంది, పాకిస్తాన్‌లో పన్ను కట్టి రిజిస్టర్ చేయాలి. ఆ వీడియోలు చూసి మనవాళ్లు భయపడుతున్నారు. సెలవుకొచ్చిన మనిషి చేతిలో ఫోనుకి ఇక్కడ అలాంటి గడువు లేదు. పోయిందని, దొంగిలించారని ఫిర్యాదున్న ఫోన్లు, దొంగ ఐఎంఈఐ ఉన్నవి బ్లాక్ అవుతాయి. సెకండ్ హ్యాండ్ కొంటే మాత్రం *#06# కొట్టి నంబరు చూసుకుని, కేవైఎం అని ఇంగ్లీషులో టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరుతో 14422కి మెసేజ్ పెట్టండి.

గల్ఫ్‌లో శాంసంగ్ కొన్నవాళ్లు బాక్సు మీది స్టిక్కర్ చదవండి. అక్కడి సిమ్ముతో మొత్తం ఐదు నిమిషాలు కాల్ మాట్లాడాకే వేరే ప్రాంతం సిమ్ము తీసుకునే మోడళ్లున్నాయి. సీలు విప్పకుండా బావమరిదికి గిఫ్ట్ తెచ్చి ఇక్కడ తిప్పలు పడేది ఇందుకే. బాక్సు విప్పి, ఇంటికి ఒక ఫోను కొట్టి, మళ్లీ మూసి తెండి.

అమెరికా ఛార్జరు మన కరెంటుకి పేలిపోదు. దాని మీద 100-240 వోల్టులు అని ఉంటే చాలు, మనది 230. పేచీ అంతా పిన్నులతోనే. బల్లపరుపు పిన్నుల్ని మన గుండ్రటి కన్నాల్లోకి కుక్కితే వదులుగా ఉండి నిప్పురవ్వలు వస్తాయి. అడాప్టర్ కొనుక్కోండి.

ఓడల మీద, ఎడారి సైట్లలో పనిచేసే కుర్రాళ్లకి: తురయా, ఇరిడియం లాంటి శాటిలైట్ ఫోన్లు టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలోకి తేకూడదు. సిమ్ము తీసి బ్యాగులో పెట్టుకున్నా ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు, కేసవుతుంది. దీనికి మాత్రం నా షాపులో మందు లేదు.