ఎమిలీ డికిన్సన్ గురించి మనవలకు

చిరంజీవులకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మీ ఇంగ్లీషు పాఠంలో ఎమిలీ డికిన్సన్ పద్యం వచ్చిందనీ, ఆవిడ ఎప్పుడూ తెల్లబట్టలు వేసుకుని ఇంట్లోనే ఉండిపోయేదని క్లాసులో చెప్పారనీ రాశారు. పెద్దయ్యాక అలాగే ఉండేది, నిజమే. కానీ ఆవిడ గురించి ముందు తెలియాల్సింది అది కాదర్రా.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, ఆమ్‌హెర్స్ట్ ఊరు. 1830లో పుట్టింది. తండ్రి పేరున్న లాయరు. చిన్నప్పుడే నాలుగు వందలకు పైగా మొక్కల్ని కోసి, ఆరబెట్టి, పుస్తకంలో అంటించి పేర్లు రాసుకుంది. వంట కూడా బాగా చేసేది. 1856లో ఊళ్లో జరిగిన పశుప్రదర్శనలో ఆవిడ రొట్టెకు రెండో బహుమతి వచ్చింది. కొబ్బరి కేకు ఎలా చెయ్యాలో రాసుకున్న కాగితం వెనకాల ఒక పద్యం రాసిపెట్టింది కూడా!

ఇక అసలు సంగతి. ఆవిడ రాసినవి దాదాపు పద్దెనిమిది వందల పద్యాలు. బతికుండగా అచ్చయినవి ఓ పది, అవీ పేరు లేకుండానే. అయినా పని మాత్రం ఎంత శ్రద్ధగా చేసిందో చూడండి. పద్యం తయారయ్యాక మడత కాగితాల మీద సాఫుగా ఎత్తి రాసేది. కాగితాలు దొంతరగా పెట్టి, అంచున రెండు కన్నాలు పొడిచి దారంతో కుట్టేది. అలాంటివి నలభై పుస్తకాలు. ఏదైనా మాట మీద మనసు కుదరకపోతే పక్కన చిన్న ప్లస్ గుర్తు పెట్టి, బదులు వెయ్యగల మాటలు కింద రాసుకునేది. ఎవరూ అడగని పనికి అంత తూకమా అని నాకిప్పటికీ ఆశ్చర్యమే.

1862 ఏప్రిల్‌లో హిగిన్సన్ అనే రచయితకు నాలుగు పద్యాలు పంపి, నా పద్యాల్లో ప్రాణం ఉందా అని అడిగింది. ఉత్తరం కింద సంతకం లేదు. పేరు రాసిన కార్డును వేరే చిన్న కవరులో పెట్టింది. అప్పుడే అచ్చు వెయ్యొద్దని ఆయన సలహా. ఆయన మంచివాడే, కానీ ఆ పద్యాల ఎత్తు ఆయనకు అందలేదని నా అభిప్రాయం. 1870లో ఇంటికి వస్తే, రెండు లిల్లీ పూలు ఆయన చేతిలో పెట్టి, నా పరిచయం ఇదే అందట.

1886లో ఆవిడ పోయాక చెల్లెలు లవీనియాకు ఆ కుట్టిన పుస్తకాలు దొరికాయి. చెల్లెలి పట్టుదల వల్లే 1890లో మొదటి సంపుటం వచ్చింది. హిగిన్సనూ, మేబుల్ టాడ్ అనే ఆవిడా కలిసి సిద్ధం చేశారు. అయితే ప్రాసలు సరిచేశారు, మాటల మధ్య ఆవిడ గీసిన అడ్డగీతలు (డాష్‌లు) చాలావరకు తీసేశారు, ఆవిడ పెట్టని పేర్లు పెట్టారు. మృత్యువు బండి తోలుకొచ్చి తనను ఎక్కించుకున్న పద్యంలోనైతే ఒక చరణమే ఎత్తేశారు! 1955లో థామస్ జాన్సన్ అనే పండితుడు రాతప్రతులు చూసి, ఆవిడ రాసినవి రాసినట్టుగా అచ్చువేయించాడు. అందుకే కొనేటప్పుడు ఆ తర్వాతి ప్రతి కావాలని అడగండి.

ముందు పిట్ట పద్యం చదవండి. పిట్ట దారిలోకి దిగి వానపామును రెండు ముక్కలు చేసి పచ్చిగా తింటుంది, గడ్డిమీది మంచుబొట్టు తాగుతుంది, పురుగు వెళ్లడానికి గోడవైపు జరిగి దారిస్తుంది. అడ్డగీత ఉన్నచోటల్లా ఒక్క క్షణం ఆగి, పైకి చదవండి. ఎలా ఉందో రాయండి.

ప్రేమతో,
అమ్మమ్మ