నాలుగు సిలిండర్లు, రెండు గుమ్మాలు

బర్మింగ్‌హామ్ దగ్గర ఉండే మా బావగారికి ఇద్దరు పిల్లలు, ఒక మినీ కారు. పిల్లలు ఉద్యోగాలొచ్చి ఎవరిదారిన వాళ్లు వెళ్లిపోయారు. 1978 నాటి మినీ మాత్రం ఇంకా ఆయన సంరక్షణలోనే ఉంది. నేను వెళ్లిన ఆదివారం పొద్దున కూడా బానెట్ ఎత్తి, ఇంజను స్టార్ట్ చేసి, తల పక్కకి వంచి నిలబడ్డారు. నేనేదో అడగబోతే చెయ్యి అడ్డం పెట్టారు. ఇంజను మాట్లాడుతుంటే మనం మాట్లాడకూడదట.

ఇవాళ్టి కారు సైలెన్సర్ గొట్టంలో ఒక సెన్సర్ ఉంటుంది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో అది క్షణక్షణం చూసి చెబుతుంటే, కంప్యూటర్ ఆ లెక్క ప్రకారం పెట్రోల్‌ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఈ మినీలో సెన్సరూ లేదు, కంప్యూటరూ లేదు. ఆ ఉద్యోగం మా బావగారి చెవులది. కాబట్టి ఈ కారును ట్యూన్ చేయడమంటే స్పీడు పెంచడం అనుకోకండి. ఒకప్పటి పెట్రోల్‌కి, ఒకప్పటి విడిభాగాలకి కట్టిన లెక్కను ఇవాళ్టి పరిస్థితికి మళ్లీ కట్టుకోవడం. ఆ లెక్క ఎప్పుడూ పూర్తిగా తేలదు. ఎందుకు తేలదో చెప్పడానికే ఇదంతా.

మినీ పుట్టిందే పెట్రోల్ కరువులో. 1956లో ఈజిప్టు సూయజ్ కాలువను జాతీయం చేసింది. యుద్ధం వచ్చింది, కాలువ మూతపడింది, ఆ డిసెంబరు నుంచి బ్రిటన్‌లో పెట్రోల్‌కి రేషన్ పెట్టారు. జనం జర్మనీ నుంచి వచ్చే మూడు చక్రాల బుడగ కార్ల వెంట పడ్డారు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లెనార్డ్ లార్డ్‌కి ఆ బుడగలంటే ఒళ్లుమంట. పొట్టిగా ఉన్నా సరే, సిసలైన కారు కావాలని అలెక్ ఇసిగోనిస్‌కి పని అప్పజెప్పాడు. ఇసిగోనిస్ ఇప్పుడు ఇజ్మీర్ అంటున్న స్మిర్నాలో పుట్టి, 1922లో కుటుంబంతో సహా ఆ ఊరు వదిలి వచ్చినవాడు. షరతు ఒక్కటే: ఇంజను కొత్తది చేయడానికి వీల్లేదు, కంపెనీలో ఉన్నదే వాడాలి.

ఆయన ఇంజన్ని అడ్డంగా తిప్పి పెట్టాడు. గేర్‌బాక్సుకి చోటు లేకపోతే దాన్ని ఇంజను కిందే, ఆయిల్ ఉండే తొట్టిలోనే ఇరికించాడు. అందుకే ఈ కారులో ఇంజనుకీ గేర్లకీ ఒకటే ఆయిల్. చక్రాలు పది అంగుళాలవి. మొత్తం కారు పొడవు పది అడుగులు, అంటే మూడు మీటర్ల పైచిలుకు. అందులో నలుగురు మనుషులు కూర్చుంటారు. 1959 ఆగస్టు 26న బయటికొచ్చిన ఈ కారు 2000 దాకా తయారవుతూనే ఉంది. 53 లక్షల పైచిలుకు అమ్ముడైంది. మొదటి బండ్లలో నేల రేకుల అతుకు తప్పు దిక్కుకి వేసి, వాన నీళ్లు తివాచీల కిందికి వచ్చేవి. మేధావులు కూడా చూరు వాలు ఎటు పెట్టాలో ఒక్కోసారి మర్చిపోతారు.

ఉన్నదే వాడాలి అన్న ఆ ఇంజను పేరు ఎ-సిరీస్. 1951లో ఆస్టిన్ ఎ30 అనే చిన్న కారు కోసం చేశారు. మన అంబాసిడర్‌ని చాలాకాలం నడిపిన 1489 సీసీ పెట్రోల్ ఇంజను బి-సిరీస్, దీనికి పెద్దన్న. ఎ-సిరీస్‌కి నాలుగు సిలిండర్లు. మామూలుగా అయితే గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం లోపలికి పోవడానికి నాలుగు గుమ్మాలు ఉండాలి. దీనికి రెండే. మొదటి రెండు సిలిండర్లకి కలిపి ఒకటి, చివరి రెండింటికి కలిపి ఇంకొకటి. పొగ బయటికి పోయే గుమ్మాలు మూడు: అటు చివరా ఇటు చివరా ఉన్న సిలిండర్లకి విడిగా చెరొకటి, మధ్యలో ఉన్న రెండు, మూడు సిలిండర్లకి కలిపి ఒకటి. చిన్న ఇంజనులో చోటు కలిసొచ్చింది. కానీ ఉమ్మడి గుమ్మం అంటే తగాదా తప్పదు కదా.

తగాదా ఎలా వస్తుందో చూడండి. ఈ ఇంజనులో సిలిండర్లు మండే వరుస 1, 3, 4, 2. మూడోది మిశ్రమాన్ని పీల్చిన వెంటనే, అదే గుమ్మంలోంచి నాలుగోది పీలుస్తుంది. రెండోది పీల్చిన వెంటనే ఒకటోది. ముందు పీల్చే సిలిండర్ తలుపు, అంటే వాల్వు, ఇంకా పూర్తిగా మూసుకోకముందే పక్కదాని వాల్వు తెరుచుకుంటుంది. ఎండాకాలం మున్సిపల్ నీళ్లొచ్చే వేళ మన కుళాయి కింద బిందె నిండబోతుండగా పక్కింటివాళ్లు మోటారు వేస్తే ఏమవుతుందో అదే జరుగుతుంది. గొట్టంలో అప్పటికే కదలిక మీద ఉన్న మిశ్రమం రెండోసారి పీల్చేవాడికి ఎక్కువ దక్కుతుంది. ఫలితంగా చివర్లలో ఉన్న ఒకటి, నాలుగు సిలిండర్లకి పెట్రోల్ కాస్త ఎక్కువ, మధ్యలో ఉన్న రెండు, మూడు సిలిండర్లకి కాస్త తక్కువ. గాలీ పెట్రోలూ కలిపి నాలుగింటికీ వడ్డించే కార్బురేటర్ మాత్రం ఒక్కటే. దాన్ని ఎలా తిప్పినా ఇద్దరికి సరిపోతే ఇంకో ఇద్దరికి సరిపోదు.

ఆ కార్బురేటర్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. నా ఉద్దేశంలో ఈ కారు మొత్తంలో అందమైన వస్తువు అదే. పేరు ఎస్‌యూ. 1900ల మొదట్లో చెప్పుల వ్యాపారం చేసే స్కిన్నర్ల ఇంటి కుర్రాడు జార్జ్ స్కిన్నర్ దీన్ని కనిపెట్టాడు. మొదటి నమూనాల్లో తోలు తిత్తి వాడాడు, ఇంట్లో తోలుకి లోటు లేదు మరి. తర్వాత ఆ తిత్తి బదులు లోహపు పిస్టన్ వచ్చింది. మామూలు కార్బురేటర్‌లో గాలి దూరే సందు ఎప్పుడూ ఒకటే సైజు. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు ఆ సందు వదులు, వేగంగా తిరిగేటప్పుడు ఇరుకు. అందుకే అందులో పెట్రోల్ చిమ్మే రంధ్రాలు, అంటే జెట్టులు, నెమ్మదికి ఒకటి, వేగానికి ఇంకొకటి అని రకరకాల ఏర్పాట్లు ఉంటాయి. ఎస్‌యూలో సందే తనంతట తాను పెరుగుతుంది, తరుగుతుంది. ఇంజను గట్టిగా పీలిస్తే పైనున్న పిస్టన్ లేస్తుంది, సందు పెద్దదవుతుంది. కాబట్టి సందులో గాలి లాగుడు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. పిస్టన్ అడుగున దబ్బనంలా కొనదేలిన సూది ఉంటుంది. అది పెట్రోల్ వచ్చే జెట్టు రంధ్రంలోకి దిగి ఉంటుంది. పిస్టన్ లేచే కొద్దీ సూది సన్నటి భాగం రంధ్రంలోకి వస్తుంది, దాని చుట్టూ ఎక్కువ పెట్రోల్ పారుతుంది. అంటే ఎంత గాలికి ఎంత పెట్రోల్ అన్న పట్టిక మొత్తం ఆ ఇత్తడి సూది ఒంపులోనే రాసి ఉందన్నమాట. అంగుళంలో ఎనిమిదో వంతు దూరానికొకసారి సూది మందం ఎంతో కొలిచి పట్టికలు వేస్తారు. వెయ్యో వంతు అంగుళం తేడా వచ్చినా బండి నడక మారుతుంది.

జెట్టు కింద ఆరు పలకల నట్టు ఉంటుంది. దాన్ని ఒక పలక కిందికి తిప్పితే జెట్టు దిగి పెట్రోల్ పెరుగుతుంది, పైకి తిప్పితే తగ్గుతుంది. సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇంజను బాగా వేడెక్కాక, పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ని మిల్లీమీటరు కంటే తక్కువ పైకెత్తాలి. అలా ఎత్తితే కాస్త గాలి ఎక్కువ దూరుతుంది. ఇంజను వేగం పెరిగి అలాగే ఉండిపోయిందా, పెట్రోల్ ఎక్కువైనట్టు. కొట్టుకుంటూ ఆగిపోబోయిందా, తక్కువైనట్టు. ఒక్క క్షణం పెరిగి మళ్లీ మొదటి స్థితికి వచ్చిందా, సరిపోయినట్టు. అన్నం మెతుకు పట్టి చూసినంత తేలిక అనిపిస్తుంది గానీ, ఆ "ఒక్క క్షణం" ఎంతో చెవికి పట్టుబడాలంటే ఏళ్లు పడుతుంది. బావగారికి ఆ ఏళ్లు అయ్యాయి. నాకు మూడుసార్లూ ఒకేలా వినిపించింది.

ఆ తర్వాత ప్లగ్గులు విప్పి గరాజ్ బల్ల మీద వరుసగా పెట్టారు. స్కూటర్ తొక్కిన తరం వాళ్లకి ఈ దృశ్యం కొత్త కాదు. చేతక్ మొరాయిస్తే ప్లగ్గు విప్పి, ఎమరీ కాగితంతో రుద్ది, ఉఫ్ అని ఊది మళ్లీ బిగించేవాళ్లం. ప్లగ్గు కొన మసిగా నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే తక్కువ, బిస్కెట్ రంగు వస్తే బాగున్నట్టు. మినీ ప్లగ్గులు నాలుగూ ఒక రంగులో లేవు. చివరి రెండూ ముదురు గోధుమ రంగు, మధ్య రెండూ బాగా పాలిపోయి ఉన్నాయి. కుళాయి తగాదాకి సాక్ష్యం.

స్పార్కు సంగతి క్లుప్తంగా చెప్తాను. నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఈ ఇంజనులో సెకనుకి 100 స్పార్కులు పడాలి. స్పార్కు పడగానే మిశ్రమమంతా ఒక్కసారి భగ్గుమనదు, మంట పాకడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఒక్క మిల్లీసెకనులో క్రాంకు 18 డిగ్రీలు తిరిగిపోతుంది. అందుకని పిస్టన్ పైకి రాకముందే స్పార్కు పడాలి, వేగం పెరిగే కొద్దీ ఇంకా ముందు. ఈ లెక్క చేసేది, ప్లగ్గులకి వంతులవారీగా స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో ఉన్న రెండు చిన్న బరువులు, స్ప్రింగులు. స్పార్కు పుట్టించే పాయింట్ల మధ్య ఎడం 0.38 మిల్లీమీటర్లు. పాయింట్ల మడమ అరిగితే ఎడం తగ్గి స్పార్కు ఆలస్యమవుతుంది, బండికి పికప్ పోతుంది. పైగా ఇసిగోనిస్ పుణ్యమా అని ఈ డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా ముందు జాలీ వెనకే ఉంది. ఇంగ్లండు వానలో ఎదురుగా వచ్చే నీళ్లన్నీ దాని మీదే. పాత మినీ యజమానుల్లో కొందరు గిన్నెలు తోముకునే రబ్బరు గ్లవ్ దానికి తొడిగి, వేళ్ల చివర్లు కత్తిరించి అందులోంచి వైర్లు బయటికి తీస్తారు. బావగారి మినీకి పసుపు రంగు గ్లవ్ ఉంది.

వేగం కోసం ట్యూన్ చేసేవాళ్లూ లేకపోలేదు. మొదటి మినీ 848 సీసీ, 34 హార్స్‌పవర్. రేసు కార్లు కట్టే జాన్ కూపర్ 1961లో దాన్ని 997 సీసీ చేయించి, రెండు కార్బురేటర్లు, ముందు డిస్క్ బ్రేకులు పెట్టించి 55 హార్స్‌పవర్ రాబట్టాడు. 1964లో ప్యాడీ హాప్‌కిర్క్ మినీ కూపర్ ఎస్‌లో మాంటె కార్లో ర్యాలీ గెలిచాడు. ఆ కథ అందరికీ తెలుసు. ఇంట్లో వాడుకునే మినీకి అది అక్కర్లేదని నా అభిప్రాయం. బ్రేకులు బాగుచేయకుండా ఇంజను బలం పెంచేవాళ్లని చూస్తే మాత్రం నాకు టెన్షన్.

అసలు చిక్కు పెట్రోల్‌తో వచ్చింది. ఈ ఇంజను చేసిన రోజుల్లో పెట్రోల్‌లో సీసం కలిపేవారు. ఇంజను టకటకా కొట్టుకోకుండా ఉండటానికి కలిపినది ఇంకో ఉపకారం కూడా చేసేది. పొగ వాల్వు ఎర్రగా కాలి, తన సీటు మీద నిమిషానికి వెయ్యిసార్లకు పైగా పడుతుంటే, రెండు లోహాలూ ఒకదానికొకటి అతుక్కుని చిన్న చిన్న పెచ్చులుగా ఊడకుండా సీసం బూడిద మధ్యలో పొరలా నిలిచేది. మనుషుల ఒంటికి, ముఖ్యంగా పిల్లల మెదడుకి అది విషం. బ్రిటన్‌లో 2000 జనవరి నుంచి మామూలు అమ్మకాలు ఆపేశారు, మన దేశంలోనూ అదే ఏడాది పోయింది. పోవలసిందే. కానీ సిలిండర్ల మీద బిగించే ఈ పాత పోత ఇనుప హెడ్లలో వాల్వు సీట్లు మెత్తనివి. సీసం లేకపోతే వాల్వు కొద్దికొద్దిగా సీటుని తినేస్తూ పైకి దిగబడుతుంది. సీసం బదులు సీసాల్లో మందు అమ్ముతారు, పెట్రోల్ కొట్టించినప్పుడల్లా కొలిచి పోయాలి.

ఆ తర్వాత 2021 సెప్టెంబరులో బ్రిటన్ బంకుల్లో పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వచ్చింది. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది కాబట్టి దానికి బయటి గాలి తక్కువ చాలు. మామూలు పెట్రోల్ ఒక కిలో పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. పది శాతం కలిస్తే సుమారు 14.1 చాలు. కంప్యూటర్ ఉన్న కారు ఇది కనిపెట్టి తనే సర్దుకుంటుంది. ఇత్తడి సూదికి ఆ సంగతి తెలియదు, పాత లెక్క ప్రకారమే వడ్డిస్తుంది. పెట్రోల్ నాలుగు శాతం తక్కువైనట్టు లెక్క. ఇప్పుడు మన బంకుల్లో ఉన్న ఇరవై శాతం పెట్రోల్‌కైతే ఈ తేడా దాదాపు రెట్టింపు. పాత చేతక్, పాత అంబాసిడర్ దాచుకున్నవాళ్లు జెట్టు వైపు ఒకసారి చూడటం మంచిది. రబ్బరు పైపులు కూడా, పాతవైతే ఇథనాల్‌కి ఉబ్బి పగులుతాయి.

మళ్లీ ఆ ఆదివారానికి వస్తాను. ఇంజను చల్లారాక బావగారు ట్యాపెట్లు, అంటే వాల్వులకీ వాటిని నొక్కే మీటలకీ మధ్య ఎడం, చూడటానికి పైమూత తీశారు. ఎనిమిది వాల్వులు వరుసగా. దీనికో తమాషా లెక్క ఉంది, మొత్తం తొమ్మిది రావాలి. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు ఒకటోది కొలవాలి, ఏడు తెరిచి ఉంటే రెండు, అలా. ఎడం 0.30 మిల్లీమీటర్లు ఉండాలి.

"ఈమధ్య ట్యాపెట్ల చప్పుడు తగ్గినట్టుంది బావగారూ, మంచిదేగా?" అన్నాను.

"అదేనోయ్ నా భయం" అన్నారు.

వాల్వు సీటులోకి దిగబడితే దాని కాడ పైకి లేస్తుంది, ఎడం తగ్గిపోతుంది, చప్పుడూ తగ్గుతుంది. చప్పుడు చేసే ట్యాపెట్టు క్షేమంగా ఉన్నట్టే. ఒకటి, రెండు, మూడు సరిపోయాయి. ఐదో వాల్వు తెరిచి ఉండగా నాలుగోది చూశారు. ఫీలర్ గేజ్ 0.30 రేకు దూరలేదు, 0.20 దూరలేదు, 0.10 కూడా దూరలేదు. తిప్పి, నాలుగు తెరిచి ఐదు చూస్తే అదీ అంతే. నాలుగూ ఐదూ మధ్య సిలిండర్ల పొగ వాల్వులు. పెట్రోల్ తక్కువ దక్కేది ఆ సిలిండర్లకే, పొగ బయటికి పోవడానికి ఒకే గుమ్మాన్ని పంచుకునేదీ అవే. ఇంజను మొత్తంలో బాగా కాలే చోటు అది.

"మందు సరిగ్గా పోస్తున్నారా?" అని అడిగాను. ఆయన గేజ్ తుడుచుకుంటూ, గత చలికాలం నుంచి సీసా ఖాళీగానే ఉందని మెల్లగా ఒప్పుకున్నారు.

హెడ్ దించాం. గట్టి సీట్లు వేయించడానికి వర్క్‌షాపుకి పంపాలి. సోమవారం దాకా అది వంటింటి గట్టు మీద, పాత పేపర్లు పరిచి, పక్కనే వాల్వులు వరుస తప్పకుండా అట్టముక్కకి గుచ్చి ఉంది. అక్కయ్య ఆ రెండు రోజులూ చపాతీలు డైనింగ్ టేబుల్ మీదే ఒత్తింది.